పోల్ పొడవు కూడా మెగాపిక్సెల్ లాంటిదే! వాటర్ ఫెడ్ పోల్ కొనే ముందు ఇవి చూడండి

ఫోన్ బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫోటో బాగా రాదు. మన సైట్ చదివేవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సెన్సర్ సైజు చూస్తాం, లెన్స్ చూస్తాం, రాత్రిపూట తీసిన శాంపిల్స్ చూస్తాం. అయితే అదే మనం ఫోన్ కాకుండా ఇంకేదైనా వస్తువు కొనడానికి వెళ్తే, మళ్లీ బాక్స్ మీది పెద్ద నంబర్ దగ్గరే ఆగిపోతాం. అద్దాలు కడిగే వాటర్ ఫెడ్ పోల్ విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోంది. అక్కడ పెద్ద నంబర్ పేరు 'రీచ్'. 9 మీటర్లు, 12 మీటర్లు, 15 మీటర్లు. నంబర్ ఎంత పెద్దదైతే అంత మంచి పోల్ అనుకుని కొనేస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పొడవు చూసి పోల్ కొనడం డబ్బు దండగ మాత్రమే కాదు, దాన్ని రోజంతా పట్టుకుని పనిచేసే మనిషి భుజాలకి శిక్ష. కొన్ని చోట్ల ప్రాణానికే ముప్పు. అందుకే ఫోన్లు, ఇయర్ బడ్స్ మధ్యలో ఈసారి ఒక పోల్ గురించి ఇంత పెద్ద ఆర్టికల్ రాస్తున్నా. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో క్లీనింగ్ సర్వీస్ నడుపుతున్నవాళ్లు, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి.

అసలు ఇదేంటి, ఎలా పనిచేస్తుంది?

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఒక పొడవాటి టెలిస్కోపిక్ కర్ర. దాని చివర బ్రష్. కర్ర లోపలి నుంచో, పక్క నుంచో ఒక సన్నటి పైపు వెళ్లి బ్రష్‌లోని జెట్స్ ద్వారా నీళ్లు చిమ్ముతుంది. మనిషి నేల మీదే నిలబడి పై అంతస్తు అద్దాన్ని రుద్ది, అదే నీళ్లతో కడిగేస్తాడు. నిచ్చెన అక్కర్లేదు. తర్వాత గుడ్డతో తుడవక్కర్లేదు. అద్దం దానంతట అదే ఆరిపోతుంది, మరకలు ఉండవు.

బ్రిటన్‌లో ఇవి బాగా వాడకంలోకి రావడానికి ఒక కారణం ఉంది. అక్కడ 2005లో ఎత్తులో చేసే పనుల మీద కొత్త నిబంధనలు వచ్చాయి. ఎత్తుకి ఎక్కకుండానే ఆ పని చేసే వీలుంటే, ఎక్కించకుండానే చేయించాలి అనేది వాటిలో మొదటి సూత్రం. కిటికీలు కడిగేవాళ్లకి నిచ్చెన దిగడానికి దొరికిన దారి ఈ పోల్. బ్రిటన్‌కి చెందిన గార్డినర్, జర్మనీకి చెందిన ఉంగర్ లాంటి కంపెనీల పోల్స్ ఈ ఫీల్డ్‌లో అందరికీ తెలిసినవే.

మన దగ్గర మాత్రం ఆన్‌లైన్‌లో వెతికితే ఎక్కువగా కనిపించేవి సోలార్ ప్యానెల్స్ కడగడానికి అమ్మేవి. రెండూ ఒకటే కదా అనుకోకండి. ప్యానెల్ మీద బ్రష్ బరువుని ప్యానెలే మోస్తుంది. మనిషి ముందుకీ వెనక్కీ తోస్తే చాలు. కిటికీ దగ్గర అలా కాదు. పోల్ దాదాపు నిటారుగా ఉంటుంది, బరువంతా చేతుల మీదే. సోలార్‌కి బాగా పనిచేసిన పోల్, మూడో అంతస్తు కిటికీ దగ్గర మాత్రం చేపల గాలంలా ఊగుతుంది.

ముందు నీళ్లు, తర్వాతే పోల్

పోల్ రివ్యూలో నీళ్ల గోలేంటి అంటారా? ప్రాసెసర్ లేకుండా ఫోన్ రివ్యూ ఎలా ఉంటుందో, నీళ్ల గురించి చెప్పకుండా పోల్ రివ్యూ అలా ఉంటుంది.

అద్దం మీద తెల్ల మచ్చలు ఎందుకు వస్తాయో తెలుసుగా. నీళ్లు ఆవిరైపోతాయి, అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లాంటివి అక్కడే మిగిలిపోతాయి. టీడీఎస్ 500 పీపీఎం ఉన్న లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే దాదాపు అర గ్రాము పొడి మిగులుతుంది. అదే 10 పీపీఎం అయితే లీటరుకి 10 మిల్లీగ్రాములు. ఆ తేడానే 'తుడవకుండా ఆరడం' అనే మ్యాజిక్. ఈ పనిలో ఉన్నవాళ్లు సున్నాకి దగ్గరగా ఉంచుకుంటారు, 10 పీపీఎం దాటకుండా చూసుకుంటారు.

ఇప్పుడు మన నీళ్ల సంగతి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 వరకు ఉండొచ్చు. వేరే నీటి వసతి లేని చోట 2000 వరకు అనుమతిస్తారు. అంటే తాగడానికి పనికొచ్చిన నీళ్లన్నీ అద్దానికి పనికిరావు. మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్లలో టీడీఎస్ సాధారణంగా బోరు నీళ్లకన్నా తక్కువే. కానీ మనం వెళ్లి పనిచేసే బిల్డింగుల్లో చాలా చోట్ల దొరికేది బోరు నీళ్లే. 'ఇంట్లో ఆర్వో ఉంది, ఆ నీళ్లు పట్టుకెళ్తా' అని ఒకాయన నాతో అన్నారు. ఇంటి ఆర్వోలు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ పెట్టి కొన్ని లవణాలు కావాలనే ఉంచుతారు. ఆ నీళ్లు తాగడానికి బాగుంటాయి, అద్దం మీద మచ్చలు పెడతాయి.

కాబట్టి ఈ పనికి ఆర్వో, దాని తర్వాత డీఐ రెజిన్ రెండూ ఉండాలి. లెక్క చూడండి. బోరు నీళ్లు 600 అనుకుందాం. ఆర్వో 95 శాతం తీసేసినా ఇంకా 30 మిగులుతుంది. ఆ 30ని సున్నాకి తెచ్చేది రెజిన్. ఆర్వో లేకుండా నేరుగా 600 నీళ్లని రెజిన్‌లోకి పంపితే? పని జరుగుతుంది, కానీ ఆర్వో తర్వాత పెట్టిన రెజిన్ కన్నా సుమారు 20 రెట్లు త్వరగా అయిపోతుంది. ప్రింటర్ చవగ్గా కొని ఇంక్‌కి ఆస్తులు రాసిచ్చినట్టు అవుతుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. నిమిషానికి లీటరున్నర చొప్పున, రోజుకి 5 గంటలు నీళ్లు పారితే 450 లీటర్లు కావాలి. ఆర్వో సగం నీళ్లు బయటికి వదిలేస్తుందనుకుంటే, 900 లీటర్లు తోడాలి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో ఈ 900 లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయో ముందే ఆలోచించుకోవాలి. బయటికి వదిలే నీళ్లని డ్రమ్ములో పట్టి పార్కింగ్ ఫ్లోర్ కడగడానికి వాడుకోవచ్చు. ఆ మాట కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడే చెప్తే అసోసియేషన్ వాళ్లు కూడా సంతోషిస్తారు.

చేతిలో ఉన్న బడ్జెట్‌లో సగం నీళ్లకే పోయినా బాధపడకండి. మామూలు పోల్‌తో శుద్ధమైన నీళ్లు వాడితే అద్దం మెరుస్తుంది. ఖరీదైన కార్బన్ పోల్‌తో బోరు నీళ్లు కొడితే సాయంత్రానికి కస్టమర్ ఫోన్ వస్తుంది. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పోల్ కన్నా ముందు అది కొనండి.

ఎన్ని మీటర్లు కావాలో మీరే లెక్కేసుకోండి

మామూలు అపార్ట్‌మెంట్‌లో ఒక్కో అంతస్తు దాదాపు 3 మీటర్లు. జీ ప్లస్ 2 బిల్డింగ్‌లో చివరి కిటికీ పై అంచు 9 మీటర్ల దగ్గర ఉంటుందనుకుందాం. మీరు గోడకి 2 మీటర్ల దూరంలో నిలబడ్డారు. పై చెయ్యి నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంది. అంటే చేతికి పైన నిలువుగా ఏడున్నర మీటర్లు, అడ్డంగా 2 మీటర్లు. ఏటవాలుగా లెక్కేస్తే సుమారు 7.8 మీటర్లు. చేతి కింద పట్టుకోవడానికి ఇంకో మీటరు వేసుకోండి. మొత్తం 9 మీటర్ల లోపే సరిపోయింది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కొందరు రాసేది పోల్ అసలు పొడవు, ఇంకొందరు రాసేది 'వర్కింగ్ రీచ్', అంటే మనిషి ఎత్తు కూడా కలిపి. 10 మీటర్ల రీచ్ అన్న పోల్‌ని నేల మీద పూర్తిగా చాపి టేపు పెడితే ఎనిమిదిన్నర రావచ్చు. ఇది మోసం కాదు, కానీ రెండు పోల్స్‌ని పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే కొలత తీసుకోవాలి. స్క్రీన్ సైజు, బాడీ సైజు కలిపి చూడం కదా, అలాగే.

మరి 'ఎందుకైనా మంచిది' అని 15 మీటర్లది కొంటే తప్పేంటి? తప్పు రెండు చోట్ల ఉంది.

ఒకటి, బరువు. టెలిస్కోపిక్ పోల్‌లో ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. 5 మీటర్ల కిటికీకి వాడినా 15 మీటర్ల బరువంతా మోయాల్సిందే. కింది ముక్కలు విడదీసి పక్కన పెట్టే వీలున్న పోల్స్‌లో ఈ ఇబ్బంది తగ్గుతుంది. కొనేటప్పుడు తప్పకుండా అడగాల్సిన ఫీచర్ ఇది.

రెండు, వంగడం. ఒకే గొట్టం, ఒకే బరువు, పొడవు మాత్రం రెట్టింపు చేస్తే వంపు రెట్టింపు కాదు, 8 రెట్లు అవుతుంది. 5 మీటర్ల దగ్గర చివర 3 సెంటీమీటర్లు వంగిన గొట్టం, 10 మీటర్ల దగ్గర 24 సెంటీమీటర్లు వంగుతుంది. దానికి గొట్టం సొంత బరువు తోడైతే ఇంకా ఎక్కువ. పైగా టెలిస్కోపిక్ పోల్‌లో పైకి వెళ్లేకొద్దీ ముక్కలు సన్నబడతాయి. కాబట్టి పూర్తిగా చాచినప్పుడు పోల్ ఎలా ఉందన్నదే అసలు పరీక్ష. మీరు కింద తోసిన తోపు పైకి చేరేలోపు మధ్యలో పోల్ విల్లులా వంగి, ఆ బలం అక్కడే పోతుంది. బ్రష్ మాత్రం అద్దాన్ని ముద్దు పెట్టుకుని వస్తుంది. మురికి అక్కడే ఉంటుంది.

మెటీరియల్: 'కార్బన్' అన్న మాట ఒక్కటే సరిపోదు

అల్యూమినియం, గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్. ఈ మూడు రకాలూ పట్టుకుని చూశాను. నాకు అనిపించింది ఇదీ.

అల్యూమినియం చవక, దెబ్బలకి తట్టుకుంటుంది, చిన్న ఎత్తులకి చాలు. షోరూమ్ గ్రౌండ్ ఫ్లోర్, విల్లా మొదటి అంతస్తు వరకు పర్వాలేదు. ఆ పైకి బరువు తెలుస్తుంది. సొట్ట పడితే ముక్కలు ఒకదానిలోకి ఒకటి జారవు.

గ్లాస్ ఫైబర్ మధ్యరకం. బరువు భరించొచ్చు, కానీ ఊగుతుంది. 6 మీటర్లు దాటాక ఆ ఊగుడు చికాకు పెడుతుంది. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే పైపూత పోయి సన్నటి నూగు లేచి చేతికి గుచ్చుకుంటుంది. గ్లవ్స్ లేకుండా పట్టుకోవద్దు.

కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి. 8 మీటర్ల పైన రోజూ పని ఉంటే నేను దీనికే ఓటేస్తా. అయితే ఇప్పుడు ప్రతి ఫోన్ మీదా 'ఏఐ' అని రాసినట్టు, ప్రతి పోల్ మీదా 'కార్బన్' అని రాసేస్తున్నారు. అందులో కార్బన్ కొంత, గ్లాస్ ఫైబర్ కొంత కలిపిన హైబ్రిడ్స్ ఉంటాయి. అది తప్పేం కాదు, ధర తగ్గుతుంది. కానీ హైబ్రిడ్‌ని పూర్తి కార్బన్ ధరకి కొనకూడదు. ఇక 'హై మాడ్యులస్' అని ఇంకో రకం ఉంది. ఇంకా గట్టిగా, ఇంకా తేలికగా ఉంటుంది. కానీ దెబ్బకి చిట్లే గుణం కూడా ఎక్కువే. ఆటో వెనకాల ఇనుప సామానుతో కలిపి పడేసే టీమ్‌కి అది ఇవ్వడం అనవసరం. మంచి కార్బన్ పోల్ ధర ఫ్లాగ్‌షిప్ ఫోన్ రేంజ్‌లోనే ఉంటుంది. దీనికి టెంపర్డ్ గ్లాస్ వేసే వీల్లేదు మరి.

కరెంటు తీగ ఉంటే పోల్ లేపొద్దు

ఈ భాగం దాటేయకండి.

అల్యూమినియంలో కరెంటు పారుతుందని అందరికీ తెలుసు. కార్బన్ ఫైబర్‌లో కూడా పారుతుందని చాలామందికి తెలియదు. అది చూడ్డానికి ప్లాస్టిక్‌లా ఉంటుంది, పట్టుకుంటే ప్లాస్టిక్‌లా ఉంటుంది. కానీ కరెంటు దృష్టిలో అది తీగే. గ్లాస్ ఫైబర్ పొడిగా ఉంటే ఇన్సులేటర్, నిజమే. అయితే మన పోల్ ఎప్పుడూ పొడిగా ఉండదు. లోపల నీళ్లు, బయట నీళ్లు, మురికి. కింది ముక్క మాత్రం గ్లాస్ ఫైబర్‌తో చేసి 'ఇన్సులేటెడ్ హ్యాండిల్' అని అమ్మేవాటిని నమ్ముకుని తీగల దగ్గరికి వెళ్లకూడదు.

మన ఊళ్లలో రోడ్లు ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నాం. మెయిన్ రోడ్డు మీద షోరూమ్, దాని ముందే స్తంభం, 11 కేవీ లైను మొదటి అంతస్తు కిటికీకి కాస్త దూరంలో వెళ్తూ ఉంటుంది. సందుల్లో అయితే సర్వీస్ వైర్లు చిక్కుముడి. మనిషి మెడ పైకెత్తి అద్దం వైపే చూస్తూ ఉంటాడు. వెనక్కి ఒక అడుగు వేస్తే పోల్ ఎటు వాలుతుందో చూడడు.

నేను పాటించే రూల్ సింపుల్. పోల్ చేయి జారి ఏ దిక్కున పడినా తీగకి తగలకూడదు. తగిలే అవకాశం ఉంటే అక్కడ పోల్ లేపకూడదు. ఆ ముఖభాగం వదిలేయండి, లేదా బిల్డింగ్ వాళ్లతో మాట్లాడి విద్యుత్ శాఖ ద్వారా లైన్ ఆపించాక చేయండి. 'ఎప్పుడూ ఇలానే చేస్తున్నాం, ఏమీ కాలేదు' అన్నది ధైర్యం కాదు. ఇక్కడ కూడా పొడవు వ్యామోహం పనికిరాదు. పోల్ ఎంత పొడవైతే అది తగలగలిగే తీగలు అన్ని ఎక్కువ.

చిన్న విషయాలే, కానీ రోజూ ఏడిపించేవి

*బ్రష్ బరువు:* 200 గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. పోల్ చివర ఉన్న బరువు చేతిలో ఉన్న బరువు లాంటిది కాదు. చేతికి పైన 8 మీటర్లు ఉన్న పోల్ 10 డిగ్రీలు వాలిందనుకోండి. దాని చివర అర కిలో బ్రష్ ఉంది. రెండు చేతుల మధ్య అర మీటరు దూరం ఉంటే, ఒక్క బ్రష్‌ని ఆపడానికే చేతులు దాదాపు కిలో 400 గ్రాముల బలం పెట్టాలి. పోల్ బరువు దీనికి అదనం. నిమిషానికి 20 సార్లు రుద్దినా గంటకి 1200 సార్లు. అందుకే బ్రష్ విషయంలో తేలికైనదే మంచిది.

*పైపు:* లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లున్న పైపులో 10 మీటర్లకి అర లీటరు నీళ్లు పడతాయి, అంటే అర కిలో. అదే 5 మిల్లీమీటర్ల పైపులో 200 మిల్లీలీటర్లే. పోల్ లోపల సన్నటిది, నేల మీద లాగే హోస్ లావుగా ఉండేలా చూసుకోవాలి. ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రెషర్ పడిపోతుంది, ప్రతి 10 మీటర్లకి సుమారు ఒక బార్ చొప్పున. పంపు ఎంచుకునేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి.

*క్లాంపులు:* ముక్కల్ని బిగించే ఈ చిన్న లివర్లే ముందు పాడయ్యేవి. మన దుమ్ములో ఇంకా త్వరగా. తడి చేత్తో, గ్లవ్స్‌తో తీసి చూడండి. బిగించాక ముక్క తిరగకూడదు, జారకూడదు. ఒక్క క్లాంప్ విడిగా అమ్ముతారా? ఒక్క ముక్క విరిగితే ఆ ముక్క ఒక్కటే ఇస్తారా? ఈ రెండిటికీ 'అవును' అని రాతపూర్వకంగా చెప్పని పోల్ ఎంత చవకైనా నేను రికమెండ్ చేయను. సర్వీస్ సెంటర్ లేని ఫోన్‌ని చేయనట్టే.

*చేయలేని పనులు:* సిమెంట్ చుక్కలు, పెయింట్, సిలికాన్, ఎండి గట్టిపడ్డ పావురాల రెట్ట. ఇవి బ్రష్‌తో ఒక్కసారిలో పోవు. కొత్త బిల్డింగ్ మొదటి క్లీనింగ్‌కి స్క్రేపర్, చెయ్యి రెండూ కావాల్సిందే. పోల్ గొప్పతనం ఆ తర్వాత నెలనెలా చేసే క్లీనింగ్‌లో కనిపిస్తుంది. ఇది కస్టమర్‌కి ముందే చెప్పండి.

కొనే మనిషి వేరు, మోసే మనిషి వేరు

ఫోన్ రివ్యూకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. ఫోన్ ఎవరు కొంటారో వాళ్లే వాడతారు. నచ్చకపోతే తిట్టుకుంటారు, రివ్యూలో ఒక స్టార్ ఇస్తారు. పోల్ అలా కాదు. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్నాయన ఆర్డర్ పెడతాడు. కొండాపూర్‌లో ఎండలో నిలబడ్డ కుర్రాడు దాన్ని మోస్తాడు. ఆ కుర్రాడి రివ్యూ ఎక్కడా రాదు.

ఒక జీ ప్లస్ 3 క్లినిక్ దగ్గర పొడవాటి గ్లాస్ ఫైబర్ పోల్‌తో పనిచేస్తున్న ఒకతన్ని అడిగాను, ఎలా ఉంది తమ్ముడూ అని. 'పొద్దుగాల మంచిగనే ఉంటదన్నా. పదకొండు దాటినంక పైన బ్రష్ ఏడుందో మనకు తెల్వది. ఊపుతనే ఉంటం' అన్నాడు. మరి మీ సార్‌కి చెప్పలేదా అంటే నవ్వాడు. 'సార్ ఖర్చు పెట్టి తెచ్చిండు. బాలేదని ఎట్ల జెప్త?'

ఆ ఒక్క మాటలో మొత్తం రివ్యూ ఉంది. ఓనర్ దృష్టిలో అది 12 మీటర్ల పోల్. అతని దృష్టిలో అది పదకొండు గంటల వరకు పనిచేసే పోల్. ఆ తర్వాత అద్దాలు సరిగ్గా శుభ్రం కావు, కంప్లైంట్ వస్తుంది, తిట్లు అతనికే పడతాయి. భుజం నొప్పి, మెడ నొప్పి ఇంటికి పట్టుకెళ్తాడు. నెల తిరిగేసరికి పని మానేస్తే 'ఈ కాలం కుర్రాళ్లు నిలబడరండీ' అని మనమే అంటాం.

'నిచ్చెన మీద నుంచి దించాం కదా, ఇంకా ఏం కావాలి?' అని అడిగేవాళ్లున్నారు. దించడం మంచి పనే, అందులో సందేహం లేదు. తాడు కట్టుకుని వేలాడడం కన్నా, నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి చెయ్యి చాపడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. అయితే పడిపోయే ప్రమాదం తీసేసి, దాని బదులు రోజూ కొంచెం కొంచెం అరిగిపోయే భుజం ఇస్తే లెక్క సగమే తీరింది. తేలికైన పోల్‌కి పెట్టే అదనపు డబ్బు ఆ మిగతా సగం. దాన్ని లగ్జరీ ఖాతాలో వేయకండి.

చిన్న ఓనర్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. ఈఎంఐలు, ఆలస్యంగా వచ్చే పేమెంట్లు, రేటు తగ్గించమనే అపార్ట్‌మెంట్ కమిటీలు. అందుకే నేను ఖరీదైనది కొనమని చెప్పడం లేదు. అదే డబ్బుతో పొడవు తగ్గించి బరువు తగ్గించుకోమంటున్నా. 15 మీటర్ల గ్లాస్ ఫైబర్ బదులు 9 మీటర్ల హైబ్రిడ్ కొనండి. మీకొచ్చే పనుల్లో ఎక్కువ భాగం ఏ ఎత్తులో ఉందో పోయిన ఆరు నెలల బిల్లులు తీసి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

ఎవరు ఏది తీసుకోవాలి?

విల్లాలు, షోరూమ్‌లు, రెండంతస్తుల వరకు: 6 మీటర్ల పోల్ చాలు. గ్లాస్ ఫైబర్ లేదా హైబ్రిడ్. మిగిలిన డబ్బు ఆర్వో, డీఐ మీద పెట్టండి.

క్లినిక్‌లు, స్కూళ్లు, జీ ప్లస్ 2, జీ ప్లస్ 3: రోజూ వాడడానికి 9 మీటర్ల కార్బన్ ఒకటి. పై అంతస్తు కోసం కింద అదనపు ముక్కలు తగిలించుకునే మోడల్ అయితే ఇంకా మంచిది. ఒక్క పొడవాటి పోల్ కన్నా ఈ సెటప్ రోజువారీ పనికి చాలా హాయి.

జీ ప్లస్ 4, జీ ప్లస్ 5: పూర్తి కార్బన్ తప్ప వేరేది వద్దు. ఇద్దరు మనుషులు, అరగంటకోసారి మార్పు. గాలి ఎక్కువగా ఉన్న రోజు పని వాయిదా. కింద నడిచేవాళ్లు రాకుండా తాడు కట్టాలి.

హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లు: పోల్ కొనకండి. అది గొండోలా, రోప్ యాక్సెస్ వాళ్ల పని. శిక్షణ, సర్టిఫికెట్, యాంకర్లు ఉన్నవాళ్లే చేయాలి. ఆ టవర్ల కింది రెండు మూడు అంతస్తుల లాబీ అద్దాల వరకు మీ పోల్ చక్కగా పనికొస్తుంది, ఆ కాంట్రాక్ట్ అడగండి.

ఫైనల్‌గా

షాపులో పోల్ కొనేటప్పుడు మడిచి ఉన్నది చేతిలోకి తీసుకుని 'అబ్బ, తేలిగ్గా ఉందే' అనుకోవడం, ఫోన్‌ని ఆన్ చేయకుండా కొనడంతో సమానం. బయటికి తీసుకురమ్మనండి. మీరు రోజూ పనిచేసే ఎత్తుకి చాచమనండి. బ్రష్ తగిలించి, పైపులో నీళ్లు నింపి, నిటారుగా లేపండి. మీరు కాదు, దాన్ని రోజూ మోయబోయే కుర్రాడు. పది నిమిషాలు గోడ మీద రుద్దనివ్వండి. తర్వాత కాస్త దూరంగా తీసుకెళ్లి, షాపువాడు లేకుండా, మొహమాటపడొద్దని చెప్పి అడగండి, ఎలా ఉందని.

అతను కాసేపు ఆలోచించి 'పర్లేదు సార్' అంటే ఆ పోల్ వద్దు. ఇంకోటి చూపించమనండి.